ప్రోటీన్‌కు చెక్క, కొవ్వుకు తవుడు: చేపల మేత లెక్కగా కలుపుకోవడం

సగం తవుడు, సగం వేరుశనగ చెక్క. కర్నూలు, అనంతపురం, కడప వైపు చేపలు వేసిన కుంట ఏది చూసినా దాదాపు ఇదే మేత. లెక్క వేస్తే ఇందులో ప్రోటీన్ 27 శాతం దాకా ఉంటుంది. బొచ్చె, శీలావతి పెరగడానికి అది చాలినంతే. చిక్కంతా కొవ్వు దగ్గరే. నూనె తీయని పచ్చి తవుడు వాడితే ఆ మిశ్రమంలో కొవ్వు 11 శాతం అవుతుంది. అంటే కావలసినదానికి రెట్టింపు. చేప తూకం తూగుతుంది, కోస్తే మాత్రం పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు పేరుకుని ఉంటుంది. కొనేవాడు ఆ కొవ్వు తీసి పారేస్తాడు. దానికి పెట్టిన మేత ఖర్చు మాత్రం రైతు నెత్తినే పడుతుంది.

కాబట్టి మేత కలిపేటప్పుడు ప్రోటీన్ ఒక్కటే చూస్తే కుదరదు. రెండు అంకెలూ పక్కపక్కనే రాసుకోవాలి.

రెండూ ఎందుకు తూగాలి

చేప ఒంట్లో కండ కట్టేది ప్రోటీన్. ఈదడానికి, శ్వాసకు, అరుగుదలకు శక్తి కావాలి. ఆ శక్తి కొవ్వు నుంచి, పిండి పదార్థం నుంచి చాలినంత రాకపోతే చేప ప్రోటీన్‌నే కాల్చుకుంటుంది. మేతలో అన్నిటికన్నా ఖరీదైన సరుకు అలా కట్టెల్లా తగలబడిపోతుంది. కాలిన ప్రోటీన్‌లోని నత్రజని మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది.

28 శాతం ప్రోటీన్ ఉన్న మేత వంద కిలోలు వేశామనుకోండి. అందులో 28 కిలోల ప్రోటీన్, దానిలో 16 శాతం లెక్కన నాలుగున్నర కిలోల నత్రజని ఉంటుంది. మేత బాగా కుదిరినా చేప ఒంట్లో నిలిచేది మూడో వంతే. మిగతా మూడు కిలోలు నీళ్లలోకే పోతుంది. నీళ్లు పచ్చగా ఉన్న కుంటలో సాయంత్రానికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చూపే అంకె) 9కి ఎక్కడం మామూలే. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7.5 ఉంటే అమ్మోనియాలో విషంగా మారేది రెండున్నర శాతం. అదే 9 దగ్గర 45 శాతం. ‘ప్రోటీన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అని చెక్క పెంచుకుంటూ పోయిన కుంటల్లో సాయంత్రం పూట చేప మేత వదిలేయడానికి ఇదొక పెద్ద కారణం.

కొవ్వు ఎక్కువైతే కథ వేరు. చేప శక్తి అవసరం తీరేదాకానే తింటుంది. మేతలో శక్తి ముందే నిండిపోతే తిండి తగ్గిస్తుంది. దాంతో కండకు కావలసిన ప్రోటీన్ లోపలికి చేరదు. మిగిలిన కొవ్వు పొట్టలో, కాలేయంలో పేరుకుంటుంది.

కార్పు చేపలకు చేతిలెక్క ఒకటి చాలు: ప్రోటీన్ ఎంతో అందులో ఐదో వంతు కొవ్వు. నాలుగో వంతు నుంచి ఆరో వంతు దాకా ఫరవాలేదు. కార్పులు గంజి పదార్థాన్ని కూడా బాగానే అరిగించుకుంటాయి కాబట్టి అంతకు మించి కొవ్వు అక్కర్లేదు.

ఏ చేపకు, ఏ వయసులో ఎంత

బొచ్చె, శీలావతి, మోసు, బంగారు తీగ పిల్లలకు మొదటి నెలన్నర 35 శాతం ప్రోటీన్, 7 శాతం కొవ్వు పెట్టాలి. వేలెడు పిల్ల నుంచి వంద గ్రాముల దాకా 30కి 6. ఆ తరువాత 25–27కు 5 సరిపోతుంది. ఫంగస్ (పంగాసియస్) చేపకు పిల్లప్పుడు 32, పెద్దయ్యాక 26–28 ప్రోటీన్ కావాలి. కొవ్వు 5 దాటనివ్వకండి, ఆ చేపకు పొట్టలో కొవ్వు పట్టే గుణం పుట్టుకతోనే ఉంది. తిలాపియాకు పెంపకంలో 28–32 ప్రోటీన్, 5–6 కొవ్వు. కొర్రమీనుకు 40 పైన ప్రోటీన్, 8–10 కొవ్వు కావాలి, పిండి పదార్థం దానికి పెద్దగా పడదు. చెక్కా తవుడూ కలిపి కొర్రమీను పెంచుదామనుకోవడం దండగ, దానికి కంపెనీ మేత కొనడమే మేలు.

ఈ అంకెలు ఏ నీళ్లకు వర్తిస్తాయో కూడా చూసుకోవాలి. కర్నూలు–కడప (కేసీ) కాలువ నీళ్లు పారే మట్టి చెరువులో పేడ, ఎరువు వేసి నీళ్లు పచ్చబరిస్తే చేప సగం కడుపు అక్కడి ప్లవకాలతోనే, అంటే నీళ్లలో తేలే సన్నటి నాచు, పురుగులతోనే నింపుకుంటుంది. నీటి పురుగుల్లో తడి తీసేస్తే సగం దాకా ప్రోటీనే. అలాంటి చోట 22–24 శాతం ప్రోటీన్ మేత చాలు. అనంతపురం వైపు బోరు నీటితో నింపే, ప్లాస్టిక్ షీటు వేసిన పంట కుంటలో అడుగున మట్టి ఉండదు, సహజమైన తిండి దాదాపు సున్నా. అక్కడ పైన చెప్పిన అంకె పూర్తిగా పెట్టాలి, విటమిన్లు, ఖనిజాలు కూడా తప్పవు. రిజర్వాయరులో బోనుల్లో పెంచేవాళ్లకూ ఇంతే. పక్క ఊరి చెరువులో పనిచేసిన మేత మన షీటు కుంటలో పనిచేయలేదంటే తప్పు మేతది కాదు.

సరుకుల్లో ఏముంది

శాతాల్లో, ముందు ప్రోటీన్, తరువాత కొవ్వు:

- గానుగ లేదా ఎక్స్‌పెల్లర్ వేరుశనగ చెక్క: 42, 7
- సోయా మీల్, అంటే నూనె తీసిన సోయా పిండి: 45, 1
- పొట్టు తీసిన పత్తిగింజల చెక్క: 36–38, 6
- పచ్చి తవుడు: 12, 15
- నూనె తీసిన తవుడు, అంటే డీఓబీ: 15, 1
- మొక్కజొన్న: 9, 4
- ఎండుచేపల పొడి: 50, 8
- ఎండబెట్టిన పట్టు ప్యూపా, అంటే పట్టుగూట్లోని పురుగు: 50, 25 పైన

ఇవి సగటు అంకెలు, మిల్లును బట్టి మారతాయి. తవుడు విషయంలో మరీ తేడా. మన వైపు సోనా బియ్యం ఆడే మిల్లుల్లో వచ్చేది పచ్చి బియ్యం తవుడు, దానికి 15 వేసుకోవచ్చు. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడులో నూనె 20 శాతం దాటుతుంది. చిన్న హల్లరు మిల్లులో ఊక కలిసి వచ్చే తవుడులో ప్రోటీన్ 7–8 శాతం కూడా ఉండదు. మూడింటినీ ‘తవుడు’ అనే అమ్ముతారు. గుప్పెడు తీసి గ్లాసు నీళ్లలో కలపండి. పైన తేలే ఊక, అడుగున దిగే ఇసుక కంటికే కనిపిస్తాయి.

లెక్క వేసే తీరు

పెద్ద చేపలకు 27 శాతం ప్రోటీన్, 5.4 శాతం కొవ్వు కావాలనుకుందాం.

మొదట సరుకులను రెండు జట్లు చేయండి. వేరుశనగ చెక్క, సోయా సమానంగా తీసుకుంటే ప్రోటీన్ సగటు 43.5. తవుడు, డీఓబీ కలిపితే సగటు 13.5.

మనకు కావలసిన 27లోంచి కింది అంకె 13.5 తీసేస్తే 13.5 మిగులుతుంది, ఇది చెక్క వంతు. పై అంకె 43.5లోంచి 27 తీసేస్తే 16.5, ఇది తవుడు వంతు. రెండూ కలిపితే 30. అందులో చెక్క వంతు 45 శాతం, తవుడు వంతు 55 శాతం. అంటే వంద కిలోలకు వేరుశనగ చెక్క ఇరవై రెండున్నర, సోయా ఇరవై రెండున్నర, తవుళ్లు రెండూ కలిపి 55 కిలోలు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కొవ్వు లెక్క ఇక్కడే మొదలవుతుంది. వేరుశనగ చెక్క నుంచి 1.6 కిలోలు, సోయా నుంచి 0.2 కిలో, మొత్తం 1.8 కిలోల కొవ్వు వచ్చేసింది. ఇంకా 3.6 కావాలి. అది 55 కిలోల తవుడు నుంచే రావాలి. మొత్తం పచ్చి తవుడే వేస్తే 8 కిలోల పైన వస్తుంది. మొత్తం డీఓబీ వేస్తే అర కిలోనే. పచ్చి తవుడు 22, డీఓబీ 33 వేస్తే 3.3, 0.33 కలిసి 3.6 సరిగ్గా కుదురుతుంది. ప్రోటీన్ చూస్తే చెక్క నుంచి 9.45, సోయా నుంచి 10.1, తవుళ్ల నుంచి 7.6, మొత్తం 27.2. పచ్చి తవుడుకూ డీఓబీకీ మధ్య నిష్పత్తే కొవ్వుకు కుళాయి అన్నమాట. ప్రోటీన్ పెద్దగా కదలకుండానే దీంతో కొవ్వు ఒక్కటీ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

దీనిపైన రెండు కిలోల ఖనిజ లవణ మిశ్రమం, అర కిలో ఉప్పు పడతాయి. అప్పుడు చేతికొచ్చే మేతలో ప్రోటీన్ 26న్నర ఉంటుంది. ఆ అర శాతం కోసం కంగారు పడక్కర్లేదు.

పిల్లల మేతకు ఇదే పద్ధతి, కాకపోతే చేపపొడి చేర్చాలి. వంద కిలోలకు వేరుశనగ చెక్క 30, సోయా 30, చేపపొడి 15, పచ్చి తవుడు 20, నూనె ఒకటి, ఖనిజ మిశ్రమం రెండు, విటమిన్ మిశ్రమం ఒకటి, ఉప్పు ఒకటి. ప్రోటీన్ 36, కొవ్వు ఏడున్నర వస్తాయి. జల్లించి మెత్తటి పొడిగానే చల్లాలి.

కొన్న మేతలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. బస్తా మీద 28/4 అని ఉంటే మొదటిది ప్రోటీన్, రెండోది కొవ్వు. ఖర్చు తగ్గుతుందని ఆ గుళికల్లో సగానికి సగం పచ్చి తవుడు కలిపితే ప్రోటీన్ 20కి పడిపోయి, కొవ్వు తొమ్మిదిన్నరకు ఎక్కుతుంది. 28 శాతానికి డబ్బులు కట్టి 20 శాతం మేత పెట్టినట్టు. కలపక తప్పదనుకుంటే డీఓబీ కలపండి.

ధర పోల్చేటప్పుడు బస్తా ధర కాదు, కిలో ప్రోటీన్ ధర చూడాలి. చెక్క కిలో 45 రూపాయలు, సోయా 50 అనుకుంటే, 45ను 0.42తో భాగిస్తే 107, 50ను 0.45తో భాగిస్తే 111. చూడడానికి ఐదు రూపాయల తేడా, ప్రోటీన్ లెక్కలో నాలుగే. చెక్క చవకని సోయా పూర్తిగా మానేయడం తెలివి కాదు. ఎందుకంటే:

అంకె ఒకటే అయినా ప్రోటీన్ ఒకటి కాదు

ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టి ఉంటుంది, లైసిన్, మెథియోనిన్ వాటిలో రెండు. కార్పు చేపకు ప్రోటీన్‌లో ఐదున్నర శాతం పైన లైసిన్ కావాలి. వేరుశనగ ప్రోటీన్‌లో అది మూడున్నర శాతం మాత్రమే, మెథియోనిన్ కూడా తక్కువే. సోయాలో లైసిన్ ఆరు శాతం దాటుతుంది. అందుకే ఒక్క చెక్కతోనే 27 శాతం చేసిన మేత కాగితం మీద బాగుండి, కుంటలో తేలిపోతుంది. లైసిన్ ఎక్కడ అయిపోతే కండ కట్టడం అక్కడే ఆగుతుంది, మిగతా ప్రోటీన్ కాలి అమ్మోనియా అవుతుంది. చెక్క, సోయా సగం సగం అనేది ఈ లోటు పూడ్చడానికే.

ఆదోని చుట్టుపక్కల పత్తిగింజల చెక్క తేలిగ్గా దొరుకుతుంది. దానిలోని గాసిపాల్ అనే విషపదార్థం లైసిన్‌ను పట్టేసుకుంటుంది, కాలేయానికీ మంచిది కాదు. వందకు పది కిలోలు మించొద్దు, అది కూడా పొట్టు తీసిందే. పొట్టుతో ఆడిన చెక్కలో ప్రోటీన్ 22–24, మిగతాదాంట్లో చాలావరకు పీచు. అది గొడ్లకు పనికొస్తుంది, చేపకు కాదు. పచ్చి సోయా గింజలు నూరి వేయడం కూడా వద్దు, వాటిలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది. వేడి చేసిన మీల్ మాత్రమే వాడాలి.

కొవ్వులోనూ తేడా ఉంది. వేరుశనగ, తవుడు నూనెల్లో ఒమేగా-6 రకం కొవ్వు దండిగా ఉంటుంది, ఒమేగా-3 దాదాపు ఉండదు. బంగారు తీగ లాంటి కార్పులకు మేతలో రెండూ ఒక్కో శాతం కావాలి. మట్టి చెరువులో ఈ లోటును ప్లవకాలు తీరుస్తాయి, షీటు కుంటలో తీర్చేవాళ్లు లేరు. అక్కడ వందకు ఒక కిలో చేపనూనె గానీ, రెండు కిలోల అవిసె నూనె గానీ కలిపి, అంతకు సరిపడా పచ్చి తవుడు తగ్గించాలి. కిలో నూనెకు ఏడు కిలోల తవుడు తీసి డీఓబీ వేస్తే లెక్క సమానం.

హిందూపురం వైపు పట్టుదారం తీసే రీలింగ్ యూనిట్ల నుంచి పట్టు ప్యూపా దొరికితే ఇంకా మంచిది. అది ప్రోటీనూ ఇస్తుంది, దాని నూనెలో ఒమేగా-3 కూడా ఉంటుంది. కాకపోతే ఆ నూనె చాలా త్వరగా మురుగుతుంది. మురిగిన ప్యూపా తిన్న కార్పులకు వీపు కండ కరిగి, తల పెద్దగా, వెన్ను కత్తిలా కనిపిస్తుంది. రీలింగ్ అయిన రోజే తెచ్చి ఆరబెట్టుకోవాలి, వందకు ఐదు కిలోలు దాటకూడదు.

సరుకు దగ్గరే చెడేవి

వేరుశనగ చెక్కకు మన జిల్లాల్లో అసలు శత్రువు బూజు. పంట చివర్లో వాన ముఖం చాటేసి, కాయ భూమిలో ఉండగానే ఎండకు గురైతే ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఏరిపారేసిన పుచ్చు విత్తులే చాలాసార్లు గానుగకు వెళ్తాయి. నూనెలోకి దిగేది కొంతే, ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఉడికించినా పోదు. చేప వెంటనే చావదు, కాలేయం పాడై, రక్తం తగ్గి, పెరుగుదల ఆగిపోతుంది. చెక్కను విరిచి చూడండి: లోపల పచ్చగా, నల్లగా మచ్చలున్నా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఆ బస్తా వద్దు. వాసన లేనంత మాత్రాన విషం లేదని కాదు. పెద్ద మొత్తం కొనేటప్పుడు పరీక్ష చేయించాలి. ఎక్కడ చేస్తారో రెడ్డిపల్లి, బనవాసి, ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దారి చూపుతారు.

తవుడు మరలోంచి బయటపడిన గంట నుంచే పాడవడం మొదలుపెడుతుంది. దానిలోని ఎంజైము నూనెను విడగొట్టేస్తుంది. మే నెల ఎండల్లో వారం రోజులు రేకుల షెడ్డులో ఉన్న తవుడు చేదెక్కుతుంది. నాలుక మీద చిటికెడు వేసుకుంటే తెలిసిపోతుంది. తెచ్చిన రోజే పెనం మీద సన్న మంట మీద వేయించి చల్లార్చి పెట్టుకుంటే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. ఆ ఓపిక లేకపోతే మూడు నాలుగు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి. డీఓబీకి ఈ బాధ లేదు.

ప్రోటీన్ శాతం చెప్పే పరీక్ష నత్రజనిని కొలిచి 6.25తో గుణించడమే. కాబట్టి చెక్కలో, చేపపొడిలో యూరియా కలిపినా అంకె పెరుగుతుంది. అనుమానం ఉంటే ఒక సీసాలో చెంచా సరుకు, చెంచా పచ్చి సోయా పిండి, కాస్త గోరువెచ్చని నీళ్లు వేసి మూత బిగించి అరగంట ఆగండి. మూత తీయగానే అమ్మోనియా ఘాటు కొడితే యూరియా ఉన్నట్టే. పచ్చి సోయా వాడాలి, వేయించినదైతే పనిచేయదు.

కలపడం, గుళిక కట్టడం

పెద్ద చేపలకు పొడి మేత చల్లితే నీళ్లలోనే సగం కరిగిపోతుంది, మనం వేసిన లెక్కా దానితోనే పోతుంది. డీఓబీలో ఐదు కిలోలు తగ్గించి నూక పిండి తీసుకుని గంజి కాచండి. చెక్క, సోయా పిండిమరలో మెత్తగా పట్టించాలి. చెక్క గడ్డలు మిగిలితే గుళిక అక్కడే విరుగుతుంది. పొడి సరుకులన్నీ కలిపాక గంజి, నీళ్లు మొత్తం 30–35 లీటర్లు చేర్చి చపాతీ పిండికన్నా గట్టిగా పిసికి, రెండు మూడు మిల్లీమీటర్ల జల్లెడ ఉన్న గుళికల మరలో తీయాలి. విటమిన్ మిశ్రమం గంజి చల్లారాకే.

నూనె పిండిలో కలపొద్దు. కొవ్వు ఆరేడు శాతం దాటితే పిండి జారిపోయి గుళిక గట్టిపడదు. ఆరిన గుళికల మీద చిలకరించి కలియబెడితే సరి. నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. నడినెత్తి ఎండలో పరిస్తే త్వరగా ఆరుతుంది గానీ కొవ్వు మురిగి, విటమిన్లు పోతాయి. గుళికను విరిస్తే ‘టక్’మని విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. నెలలోపు వాడేయండి.

గుళికల మర లేనివాళ్లు తడిపిన మేతను రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఎకరాకు ఎనిమిది పది చొప్పున కర్రలకు కట్టినా బాగానే ఉంటుంది. రెండు గంటల తరువాత సంచిలో మిగిలిందంటే మరుసటి రోజు తగ్గించాలి.

ఎంత పెట్టాలి, ఎలా సరిచూడాలి

పిల్లలకు బరువులో 5–8 శాతం, వంద గ్రాముల చేపకు 4, పావు కిలోకు 3, అర కిలో దాటాక 2 శాతం. రెండు వేల చేపలు సగటున పావు కిలో ఉంటే మొత్తం 500 కిలోలు, రోజుకు 15 కిలోల మేత. రెండు పూటలుగా, ఎండ ఎక్కాక మొదటిది. డిసెంబరు, జనవరిలో నీళ్లు 20 డిగ్రీలకు దిగితే సగం చేయండి. మబ్బు పట్టిన రోజు, చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచిన రోజు అసలే వద్దు.

పదిహేను రోజులకోసారి విసురు వలతో పాతిక ముప్ఫై చేపలు పట్టి తూయండి. వేసిన మేతను పెరిగిన బరువుతో భాగిస్తే కిలో చేపకు ఎంత మేత పట్టిందో వస్తుంది. గుళికలతో రెండు లోపు ఉంటే మేత కుదిరినట్టు. రెండున్నర దాటితే ముందు ఒకటి రెండు చేపలు కోసి చూడాలి. పేగుల చుట్టూ కొవ్వు దట్టంగా, కాలేయం పాలిపోయి పసుపు పచ్చగా ఉంటే కొవ్వు ఎక్కువైంది. పచ్చి తవుడులో పది కిలోలు తీసి డీఓబీ వేయండి, కొవ్వు 1.4 శాతం తగ్గుతుంది. పొట్టలో కొవ్వే లేక, చేప సన్నగా ఉండి, నీళ్లలో అమ్మోనియా కనిపిస్తుంటే ప్రోటీన్ కాలిపోతోంది. అప్పుడు ఐదారు కిలోల డీఓబీ బదులు పచ్చి తవుడో, నూక పిండో చేర్చాలి గానీ చెక్క పెంచకూడదు. కొవ్వు మామూలుగానే ఉండి, కాలేయం మాత్రం గడ్డలు గడ్డలుగా, రంగు మారి కనిపిస్తే లెక్క మార్చి లాభం లేదు, చెక్క బస్తా మార్చాలి. ఏది మార్చినా ఒక్కసారికి ఒకటే మార్చి, రెండు తూకాలు అయ్యేదాకా ఆగండి.